టీచరమ్మ బండికి నిలకడ

ఎనిమిది నెలలు షెడ్డులో ముక్కలు ముక్కలుగా పడి ఉన్న ఇంజను ఒక ఆదివారం పొద్దున పది గంటల వేళ మళ్ళీ ప్రాణం పోసుకుంది. ముందు స్టార్టరు గొణిగింది. తర్వాత ఇంజను ఒకటి రెండుసార్లు దగ్గి, అందుకుంది. ఆ వెంటనే షెడ్డంతా తెల్లటి పొగ కమ్మేసింది. బిగించేటప్పుడు లోపల పూసిన నూనె, వాజిలీను కాలుతున్న పొగ అది. స్టీరింగు ముందు కూర్చున్న థౌగారు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నీళ్ళన్నీ పొగ వల్ల వచ్చినవే అని చెప్పడానికి వీల్లేదు.

తలుపు పక్కన కుర్చీలో కూర్చున్న భార్య ఎడమ చేత్తో కుర్చీ చేతిని టపటపా కొట్టింది. రెండు చేతులూ కలిపి చప్పట్లు కొట్టే వీలు ఆవిడకు లేదు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టింది పెట్టినట్టే ఉంటుంది.

ఆ సంబరం పావుగంట నిలిచింది. పొగ పల్చబడి ఇంజను కాస్త వేడెక్కాక అసలు సంగతి బయటపడింది. యాక్సిలరేటరు మీద కాలు ఉన్నంతసేపూ బండి హాయిగా పలుకుతోంది. కాలు తీశామంటే చాలు, నిమిషానికి ఎన్ని చుట్లో చూపే మీటరు ముల్లు అయిదు వందలకు పడిపోతోంది. ఇక ఆగిపోతుంది అనుకునేలోపు పద్దెనిమిది వందలకు ఎగబాకుతోంది. మళ్ళీ జారుతోంది. కునికిపాట్లు పడుతూ, ఉలిక్కిపడి లేస్తూ, మళ్ళీ కునికే మనిషిలాగా. దీన్నే మెకానిక్కులు ఐడ్లింగ్ నిలవడం లేదంటారు. బండి కదలకుండా ఉన్నప్పుడు, ఎవరూ తొక్కకపోయినా ఇంజను తనంతట తాను ఒకే వేగంతో తిరుగుతూ ఉండాలి. ఆ నిలకడ లేని బండి రోడ్డెక్కితే నలుగురిలో పరువు తీస్తుంది.

థౌ అనేది ఆయన పేరు కాదు. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగాన్ని లేతు పనివాళ్ళు థౌ అంటారు. ఆయన నలభై ఏళ్ళు లేతు మెషీను ముందు నిలబడి 'ఇంకో రెండు థౌ తియ్యాలి', 'ఒక థౌ ఎక్కువ పోయింది' అంటూ నెత్తి కొట్టుకునేవాడు గనక తోటివాళ్ళు ఆ పేరు తగిలించారు. రిటైరైనా పేరు ఆయన్ని వదల్లేదు. గోడకు మేకు కొట్టమంటే ముందు స్కేలు వెతుక్కునే రకం. కొలిచినది నమ్ముతాడు, కొలవడానికి లొంగనిదాన్ని అనుమానంగా చూస్తాడు.

ఆవిడ తీరు దీనికి పూర్తిగా భిన్నం. ముప్ఫై ఏళ్ళు డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పింది. ఊళ్ళో సగంమంది ఆవిడ పక్క సీట్లో చెమటలు పట్టి స్టీరింగు తిప్పినవాళ్ళే, అందుకే అందరికీ టీచరమ్మ. ఆవిడ బండిని చెవులతో నడిపేది. గేరు మార్చాల్సిన క్షణం నేర్చుకునేవాడి కాలికి తెలిసేలోపు ఆవిడ చెవికి తెలిసిపోయేది. ఒక్క మొగుడికి నేర్పడం మాత్రమే తన వల్ల కాలేదని అందరికీ చెప్పేది. లైసెన్సు వచ్చింది కదా అని ఆయన వాదించేవాడు. వచ్చిందిలెండి, మూడో దండయాత్రకి, అనేది ఆవిడ.

ఈ రోటరీ బండి ఆవిడదే. వయసులో ఉండగా ఎక్కడో ఒక పాతదాన్ని చూసి మనసు పారేసుకుని తెచ్చుకుంది. మామూలు ఇంజన్లలో పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటాయి. ఇందులో ఆ గొడవే ఉండదు. మూడు మూలల ఇనుప రోటర్లు రెండు, నడుము నొక్కిన గుడ్డు లాంటి గదుల్లో గిరగిరా తిరుగుతాయి. ఆ మూలల్లో ఉండే సన్నటి సీళ్ళు గది గోడలను ఒరుసుకుంటూ, లోపలి ఒత్తిడి పక్కకు జారిపోకుండా కాపలా కాస్తాయి. ఏళ్ళ తరబడి తిరిగి ఆ సీళ్ళు అరిగిపోయాయి. బండి నీరసించి షెడ్డు చేరింది. ఇద్దరం రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని విప్పుదాం అని ఆవిడ అప్పట్లోనే తేల్చేసింది. మీరు కొలవండి, నేను వింటాను అంది.

ఇద్దరూ రిటైరయ్యారు. ఆ ఏడే ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటూ ఆవిడ బ్రష్షు జారవిడిచింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు ఈడ్చుకు నడవాల్సి వచ్చింది, మాట పోయింది. మొత్తం పోలేదు. ఒకే ఒక్క మాట మిగిలింది. 'రేపు.'

ఆ మాటే ఎందుకు మిగిలిందో డాక్టరుకు కూడా తెలియదు. మంచినీళ్ళు కావాలన్నా రేపు, ఫ్యాను వెయ్యమన్నా రేపు, తమ్ముడు గుమ్మంలోకి వస్తే పలకరింపుగా కూడా రేపే. మాటలన్నీ బుర్రలో భద్రంగానే ఉన్నాయనీ, బయటికొచ్చే దారిలోనే తికమక పడుతున్నాయనీ డాక్టరు చెప్పాడు. వారానికి రెండుసార్లు ఒక అమ్మాయి వచ్చి బొమ్మల కార్డులు చూపించి మాటలు పలికించే ప్రయత్నం చేసేది. థౌగారు ఆ పిల్లకు మాటలమ్మాయి అని పేరు పెట్టుకున్నాడు.

మెల్లిమెల్లిగా ఆయనకు ఆ 'రేపు' చదవడం వచ్చింది. పొట్టిగా తెగ్గొట్టి అంటే అవునని. సాగదీస్తే కాదని. చివర పైకి లేపితే ఏదో అడుగుతోందని. కొలవడానికి ఏదో ఒకటి దొరికింది గదా అని ఆయన సంతోషించాడు.

అయినా ఇంట్లో పగలు చాలా పొడుగ్గా ఉండేది. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని షెడ్డు షట్టరు వైపే చూసేది. చూసి చూసి, ఒకరోజు ఆయన షట్టరు ఎత్తి, ఆవిడ కుర్చీని లోపలికి చేర్చి, బండి మీది దుమ్ముదుప్పటి లాగేశాడు. కార్ల సంగతి ఆయనకు అక్షరం ముక్క తెలియదు. రోటరీ ఇంజను పుస్తకం సంపాదించి మొదటి పేజీ నుంచి బడిపిల్లాడిలా చదివాడు. విప్పిన ప్రతి ముక్కనూ కొలిచి నోటుబుక్కులో రాశాడు. ఆవిడ ఎడమ చేత్తో సీళ్ళనూ, గోటిముక్కంత స్ప్రింగులనూ ట్రేలో వరసగా సర్దేది. ఒకసారి ఆయన ఒక సీలును తిరగేసి పెట్టబోతే చొక్కా చెయ్యి పట్టి లాగింది. ఆయన తలెత్తి చూసి, పుస్తకం చూసి, మళ్ళీ ఆవిణ్ణి చూసి, నోరు మూసుకుని సరిగ్గా పెట్టాడు. ఆ ఎనిమిది నెలలూ ఇద్దరికీ పొద్దు ఎలా పోయిందో తెలియలేదు.

అలాంటి ఇంజను ఇప్పుడిలా కునికిపాట్లు పడుతుంటే ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది.

మొదట అనుమానం తన పని మీదే. లోపల సీళ్ళు సరిగా కూర్చోలేదేమో అని ప్లగ్గులు ఊడదీసి, ఆ రంధ్రాల్లో గేజి పెట్టి ఒత్తిడి చూశాడు. రెండు గదుల్లోనూ ముల్లు సమానంగా కొట్టుకుంది, ఫుస్ ఫుస్ ఫుస్ అని మూడు మూలలూ ఒకేలా. ఆ మేరకు గుండె కుదుటపడింది. ఇంజను లోపల తప్పు లేదు, ఉన్నదేదో బయటే ఉంది.

రెండో రోజు ఒక తప్పు దొరికింది. ఈ ఇంజనులో ఒక్కో గదికి రెండు ప్లగ్గులు, పైనొకటి కిందొకటి. వెనక గదికి పై వైరు కిందికీ, కింది వైరు పైకీ తగిలించాడు. నలభై ఏళ్ళలో ఒక్క థౌ తేడా రానివ్వని మనిషి వైర్లు తారుమారు చేశాడని తెలిస్తే పాత ఫ్యాక్టరీలో పండగ చేసుకునేవాళ్ళు. మార్చి స్టార్ట్ చేస్తే ఊగడం కొంచెం తగ్గింది. మూడో రోజు నీళ్ళ గొట్టాల్లో ఇరుక్కున్న గాలి తీసేశాడు. ఇంకాస్త తగ్గింది. నాలుగో రోజు, యాక్సిలరేటరు ఎంత తొక్కామో ఇంజనుకు చెప్పే చిన్న సెన్సారును పుస్తకంలో ఉన్న అంకెకు సరిచేశాడు. ఏమీ మారలేదు. గాలి లోపలికి వెళ్ళే దారిలో ఎక్కడైనా లీకుంటే ఇలాగే ఊగుతుందని పుస్తకంలో ఉంది. అందుకని క్లీనరు స్ప్రే తెచ్చి కనిపించిన ప్రతి అతుకు మీదా కొట్టాడు. లీకున్నచోట కొడితే ఇంజను వేగం మారాలి. ఎక్కడ కొట్టినా మారలేదు.

ఈ రోజులన్నిట్లోనూ ఆవిడ అక్కడే ఉంది. ఇంజను ఐడ్లింగులో పడ్డప్పుడల్లా కుర్చీలో ముందుకు వంగి 'రేపు, రేపు' అనేది. పొట్టిదీ కాదు, సాగదీసిందీ కాదు. మొదట్లో ఆయన వెంటనే వెనక్కి తిరిగి, మంచినీళ్ళా, ఫ్యానా, పొగ పడటం లేదా అని వరసబెట్టి అడిగేవాడు. ఆవిడ అన్నిటికీ సాగదీసేది. నాలుగో రోజుకు ఆయనకు ఓపిక అడుగంటింది.

"సరే టీచరూ, నువ్వన్నట్టే రేపే చూద్దాం" అని నవ్వి, తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాడు.

ఆవిడ కుర్చీ చేతిని గట్టిగా చరిచింది. అలిసిపోయిందనుకుని ఆయన లోపలికి తీసుకెళ్ళాడు. అయిదో రోజూ, ఆరో రోజూ అదే జరిగింది. ఆవిడ రేపు అనడం, ఆయన ఆపెయ్యడం, ఆవిడ చరవడం.

తర్వాతి ఆదివారం ఆవిడ తమ్ముడు వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసి, డీజిలు తప్ప వేరే దైవం లేదని నమ్మే మనిషి. అక్కను పలకరించి, షెడ్డులోకి వచ్చి, చేతులు నడుం మీద పెట్టుకుని అయిదు నిమిషాలు విన్నాడు. ఇందులో పిస్టనే లేకపోతే ఇంకేం వినాలి అని ఒక జోకు వేశాడు. తర్వాత తీర్పు చెప్పాడు. బండికేం కాలేదు, ఐడ్లింగ్ స్క్రూ కొంచెం తిప్పి పదహారు వందల మీద పెట్టేస్తే ఊగడం ఆ మోతలో కలిసిపోతుంది, డిపోలో సగం బండ్లు అలాగే తిరుగుతున్నాయి అన్నాడు. పుస్తకంలో ఏడు వందల యాభై అని ఉందని థౌగారు అన్నాడు. పుస్తకం రాసినవాడు వచ్చి నీ బండి నడుపుతాడా బావా అన్నాడు బామ్మర్ది.

ఆ వారం రోజుల అలసట ఎంత పని చేయించిందంటే, థౌగారు స్క్రూడ్రైవరు అందుకున్నాడు. తిప్పాడు. ఇంజను గట్టిగా ఒకటే రొదగా మోగింది. ఊగడం నిజంగానే పెద్దగా తెలియలేదు. బామ్మర్ది చేతులు తుడుచుకుంటూ, పద అక్కా, అలా ఒక చుట్టు చుట్టి వద్దాం అని చెయ్యి అందించాడు.

ఆవిడ ఆ చెయ్యి అందుకోలేదు. ఆయన వైపు ఒక్కసారి చూసింది. చేతకాని డ్రైవరుకు లైసెన్సు ఇచ్చిన అధికారిని చూసినట్టు ఉందా చూపు. తర్వాత మొహం గోడ వైపు తిప్పేసుకుంది.

మర్నాడు షెడ్డులోకి రానంది. అంటే కుర్చీ లోంచి లేవలేదు. ఆయన రెండుసార్లు పిలిచాడు, రెండుసార్లూ కిటికీ బయటికే చూసింది. ఆ రోజంతా రేపు కూడా అనలేదు. ఆ ఒక్క మాటా లేకపోయేసరికి ఇల్లు ఇల్లులా లేదు. ఆయన ఒక్కడే షెడ్డులోకి వెళ్ళి, ఇంజను జోలికి పోకుండా, శుభ్రంగా ఉన్న స్పానర్లను మళ్ళీ తుడిచి వచ్చాడు.

మంగళవారం మధ్యాహ్నం మాటలమ్మాయి వచ్చింది. ఆవిడ కార్డులు కూడా ముట్టుకోకపోవడంతో ఏమైందని థౌగారిని వరండాలోకి పిలిచి అడిగింది. ఆయన జరిగినదంతా చెప్పుకొచ్చాడు. చెప్పేటప్పుడు తన ఓపికను కొంచెం ఎక్కువగానే వేసుకున్నాడు. ఆ అమ్మాయి అంతా విని ఒక్కటే అడిగింది.

"ఆంటీ రేపు అన్నప్పుడు మీరు ఇంజను ఆపేశారు కదా. ఆపాక స్థిమితపడ్డారా, ఇంకా కోప్పడ్డారా?"

ఆయనకు కుర్చీ మీద పడిన ఆ దెబ్బలు ఒకటొకటిగా గుర్తొచ్చాయి.

"అంకుల్, మీరు ప్రశ్న అడిగి జవాబు కూడా మీరే చెప్పేస్తున్నారు. అడిగి ఆగండి. ఎంతసేపైనా సరే" అంది ఆ అమ్మాయి. కసరినట్టు కాదు, కార్డు చూపించినట్టు చెప్పింది.

ఆ పిల్ల వెళ్ళాక ఆయన చాలాసేపు వరండాలోనే నిలబడ్డాడు. రెండేళ్ళుగా అన్నం కలిపి పెట్టాడు, తల దువ్వాడు, మందులు టైముకు వేశాడు. ఏ పనిలోనూ వంక పెట్టడానికి లేదు. కానీ ఆవిడకు తెలిసిన విషయం ఒకటి ఉండొచ్చనీ, అది తనకు తెలియనిదై ఉండొచ్చనీ మర్చిపోయాడు. ముప్ఫై ఏళ్ళు ఇంజన్లు విన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫ్యాను వెయ్యనా అని అడిగాడు.

లోపలికి వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని ఒంటిచేత్తో తువ్వాళ్ళు మడతపెడుతోంది. ఆయన చిన్న పీట లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. మోకాళ్ళు కటకటలాడాయి.

"నాకు వినపడనిదేదో నీకు వినపడుతోంది కదా?" అన్నాడు.

ఆవిడ చేతిలో తువ్వాలు ఆగింది. ఆయన ఇంకేం అనలేదు. గోడ గడియారం చాలా దూరం నడిచింది.

"రేపు" అంది. పొట్టిగా.

"నాకు చెవులు సరిగా పనిచెయ్యడం లేదు టీచరూ. సన్నటి చప్పుళ్ళేవీ వినపడవు. లేతు మోత తినేసినట్టుంది. చాన్నాళ్ళైంది, నీకు చెప్పలేదు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆ సంగతి తనకు ఎప్పటినుంచో తెలుసన్నట్టు ఆయన చెవి తమ్మెను రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా లాగింది. పదేళ్ళుగా రేడియో సౌండు ఎవరు పెంచుతున్నారో, ఎవరు తగ్గిస్తున్నారో ఆవిడకు తెలియకపోతే కదా.

"ఏం వినపడుతోంది చెప్పు" అన్నాడు. ఈసారి నిజంగానే ఆగాడు.

ఆవిడ నోరు తెరిచింది. 'రే' అని రాబోయింది. కాదన్నట్టు తల విదిలించి దాన్ని మింగేసింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే వచ్చి అడ్డం నిలబడింది. నుదుటి మీద చెమట పట్టింది. ఆయనకు అందించాలనిపించింది, నీళ్ళో, మాటో, ఏదో ఒకటి. చేతులు రెండూ మోకాళ్ళ కింద పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఆవిడ మాటను వదిలేసి, పళ్ళు బిగించి, వాటి సందుల్లోంచి గాలి లాగింది.

"స్స్స్."

ఆయన గభాల్న లేచి వంటింట్లోకి పరిగెత్తాడు. స్టవ్ మీద కుక్కరు లేదు. తిరిగొచ్చేసరికి ఆవిడ నవ్వుతోంది. భుజాలు కదిలేలా, శబ్దం లేకుండా. మూడు రోజుల్లో మొదటి నవ్వు. ఆయన కూడా నవ్వాడు. పీట మీద కూర్చున్నాక అప్పుడు తట్టింది.

"గాలా? ఇంజను ఎక్కడో గాలి పీలుస్తోందా?"

పొట్టి రేపు ఒకటి ఠక్కున వచ్చింది.

ఇద్దరూ షెడ్డులోకి వెళ్ళారు. ముందుగా ఆవిడ స్క్రూ వైపు వేలు చూపించింది. ఆయన దాన్ని వెనక్కి తిప్పి పాత చోటికి తెచ్చాడు. స్టార్ట్ చేస్తే ఇంజను మళ్ళీ తూలడం మొదలుపెట్టింది. ఆదివారం ఆవిడ మొహం ఎందుకు తిప్పుకుందో అప్పుడు అర్థమైంది ఆయనకు. వారం రోజులుగా ఆవిడ పట్టుకోవాలని చూస్తున్న చప్పుడును వీళ్ళిద్దరూ కలిసి మోత కింద పాతిపెట్టారు.

అరమారలో, నీటి మట్టం చూసుకునే సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఉంది. నాలుగడుగుల ముక్క కోశాడు. ఆవిడ కుర్చీని బండి ముందుకు జరిపి, తిరిగే ఫ్యానుకు దూరంగా ఉండేలా చూసుకున్నాడు. గొట్టం ఒక కొసను ఆవిడ చెవిలో నిలిచేలా తల చుట్టూ గుడ్డతో కట్టాడు. రెండో కొస తన చేతిలో పట్టుకుని, ఇంజను మీద అతుకు అతుకునా జరపడం మొదలుపెట్టాడు. ఆవిడ ఎడమ చేత్తో ఆయన ముంజెయ్యి పట్టుకుంది. చప్పుడు దగ్గరైతే పట్టు బిగించింది, దూరమైతే వదులు చేసింది. కళ్ళు మూసుకుంది. పక్క సీట్లో కూర్చున్నప్పుడు కూడా, నేర్చుకునేవాళ్ళు భయపడతారని మూసుకునేది కాదు గానీ, కళ్ళు మూసుకుంటే ఆవిడకు ఇంకా బాగా వినపడేదట. ఆ సంగతి ఒకప్పుడు ఆయనతోనే చెప్పింది.

ముందువైపు ఏమీ లేదు. పైన ఏమీ లేదు. ఎడమకు జరిపితే వేళ్ళు కాస్త బిగిశాయి. ఇంకా వెనక్కి, ఇంజనుకూ బండి గోడకూ మధ్య చెయ్యి పట్టీపట్టని సందులోకి గొట్టం దింపాడు. ఆవిడ గోళ్ళు ఆయన చర్మంలో దిగబడ్డాయి.

ఆయన చేతి అద్దం, టార్చిలైటు తెచ్చుకుని ఆ సందులోకి చూశాడు. గాలి గొట్టానికి వెనకవైపు, కిందకు తిరిగి, పెన్సిలంత సన్నటి ఇనుప కొస ఒకటి ఉంది. వాడకం లేని దారి అది, మూసి ఉంచాలి. దానికి తొడిగిన రబ్బరు మూత ఆయన చేత్తో పెట్టిందే. పాతదైనా బాగానే కనిపించిందని మార్చలేదు. అది నిలువునా పగిలి, ఇంజను పీల్చినప్పుడల్లా పెదవిలా విచ్చుకుంటోంది. తలకిందులుగా ఉన్న ఆ మూలకు స్ప్రే చేరే దారే లేదు.

మూత లాగేసి వేలు పెట్టాడు. వేలికొనను ఎవరో లోపలి నుంచి గట్టిగా చప్పరించినట్టైంది.

ఇంజను ఒక్కసారి తూలి, ఆగింది. అంటే తూలడం ఆగింది. ముల్లు ఏడు వందల యాభై దగ్గరకు దిగి, అక్కడ చతికిలబడి కూర్చుంది. షెడ్డులో అరమార తలుపు గలగల ఆగిపోయింది. వారం రోజులుగా అది కూడా మోగుతోందని ఇప్పుడే తెలిసింది.

"అదీ" అంది ఆవిడ. "అలాగే ఉంచండి."

ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏమవుతుందో అని భయం వేసింది. క్లచ్చు సరిగ్గా పట్టే చోట కాలు నిలిపిన ప్రతివాడికీ ఆవిడ ముప్ఫై ఏళ్ళు చెప్పిన మాట అది. ఆయనకు కూడా చెప్పింది, ఎంత తక్కువసార్లైనా. ఇంజను లోహం కాలుతోంది, వేలు మండుతోంది. వేలు తియ్యలేదు. ఆవిడ అలాగే ఉంచమంది గదా.

చివరికి తిరిగి చూస్తే, ఆవిడ చెవిలో గొట్టంతో, తలకు గుడ్డతో, తన నోటిని తనే నమ్మలేనట్టు ఎడమ చెయ్యి పెదాల మీద పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన వేలు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ ఒళ్ళో తల పెట్టాడు. నూనె చేతులు చీరకు తగలకుండా రెండు వైపులా చాపి ఉంచాడు. ఆవిడ ఆ చేతుల్లో ఒకటి తీసుకుని చీర మీదే పెట్టుకుంది.

వేలికి బొబ్బ లేచింది. గురువారం మాటలమ్మాయి వచ్చి, బొబ్బనూ చూసింది, కథా విన్నది. వేలసార్లు చెప్పిన మాటలు బుర్రలో వేరే గదిలో ఉంటాయనీ, ఒక్కోసారి పిలవకుండా వచ్చేస్తాయనీ, అంతమాత్రాన మిగిలినవన్నీ వెంటనే వచ్చేస్తాయని ఆశ పడొద్దనీ చెప్పింది. అయితే ఆ తలుపు తెరుచుకునే ఉందని తెలిసింది కాబట్టి, ఇకమీదట పాఠం షెడ్డులో చెబుతానంది. బొమ్మల కార్డులు పోయి, స్పానరూ, ప్లగ్గూ, గుడ్డా వచ్చాయి.

థౌగారు కొత్త రబ్బరు మూత తొడిగి, చిన్న క్లిప్పు బిగించాడు. ఆ ఆదివారం బామ్మర్ది వచ్చి అయిదు నిమిషాలు విన్నాడు. తర్వాత ఇంకో అయిదు నిమిషాలు విన్నాడు. అక్క చెవులు డిపోకు అరువిస్తావా బావా అని అడిగాడు. ఇవ్వను అన్నాడు థౌగారు.

ముగ్గురూ కలిసి బయలుదేరారు. తమ్ముడు వెనక, ఆవిడ పక్కన, థౌగారు స్టీరింగు ముందు. మొదటి వీధి మలుపులోనే ఆయన బండిని రెండుసార్లు ఆపేశాడు. తప్పు ఇంజనుది కాదని ముగ్గురికీ తెలుసు. ఆవిడ సాగదీసి సాగదీసి ఒక రేపు అంది. దాని అర్థం బామ్మర్దికి కూడా అర్థమై వెనకాల పగలబడి నవ్వాడు.

ఆ తర్వాత ఆవిడ ఒక పని పెట్టుకుంది. బండి ఎక్కినప్పుడల్లా ఆయన చెవి లాగి, రోడ్డు వైపు చూపించేది. నాలుగు వారాలు ఆయన తప్పించుకున్నాడు. అయిదో వారం ఆవిడ బండి దిగనని మొండికేసి, చెవుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళేదాకా ఊరుకోలేదు. అక్కడ గాజు గదిలో ఆయన్ని కూర్చోబెట్టి, చప్పుళ్ళు వినిపించి, కాగితం మీద గీతలు గీశారు. కొలత అనేసరికి ఆయన మెత్తబడ్డాడు. గీత ఎక్కడ దిగిపోయిందో శ్రద్ధగా చూసి, ఇంత పోయిందా అన్నాడు. పది రోజులకు రెండు చెవుల వెనకా చిక్కుడు గింజల్లాంటి మెషీన్లు వచ్చాయి.

పెట్టుకున్న మొదటి రోజు ఆయనకు చికాకేసింది. కుళాయి చుక్కలు, చెప్పుల రాపిడి, కాగితం మడత, అన్నీ మీద పడ్డాయి. సాయంత్రానికి తీసి డబ్బాలో పెట్టేశాడు. మర్నాడు పొద్దున మళ్ళీ పెట్టుకుని, షెడ్డుకు వెళ్దామని హాల్లోకి వచ్చినవాడు అక్కడే ఆగిపోయాడు.

వంటింట్లోంచి గొంతు వస్తోంది. గొంతు కూడా కాదు, గుసగుస. ఆవిడ గట్టు దగ్గర, ఇటు వీపు పెట్టి నిలబడి, గిన్నెలు ఒకటొకటిగా తుడుస్తూ తనలో తాను చెప్పుకుంటోంది.

"గి... గిన్నె. ప... ప్ల... ప్లేటు. నీ... రేపు. కాదు. నీళ్ళు."

తప్పు వస్తే ఆగుతోంది, మొదటినుంచి మొదలుపెడుతోంది. ఒక్కో మాటకు ఒక్కో గిన్నె పక్కన పెడుతోంది. ఎన్నాళ్ళనుంచి ఇలా ప్రతి పొద్దునా చెప్పుకుంటోందో. ఇన్నాళ్ళూ ఆయన అదే హాల్లో, పది అడుగుల దూరంలో పేపరు చదువుకుంటూ, ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో అనుకుంటూ కూర్చునేవాడు.

లోపలికి వెళ్ళబోయి ఆగాడు. చప్పుడు కాకుండా చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గిన్నెలు ఇంకా సగం ఉన్నాయి. అవన్నీ అయ్యేదాకా వింటూ ఉన్నాడు.